తల తీసేసిన చేపకు పేరెవరు పెడతారు?

అపోలో అనే చేప ఏ చెరువులోనూ పుట్టదు. అది హైదరాబాదు హోటళ్లలో పుట్టిన వంట. ముళ్లు తీసిన ముక్కలకు మైదా, కార్న్‌ఫ్లోర్, గుడ్డు పట్టించి నూనెలో వేయించి, పచ్చిమిర్చి, కరివేపాకు, పెరుగు వేసి మళ్లీ పెనం మీద తిప్పితే అపోలో ఫిష్ అవుతుంది. విజయవాడ హైవే మీద సూర్యాపేట దగ్గర బస్సులు ఆగే హోటళ్లలో, కోదాడ దాబాల్లో, మిర్యాలగూడ ఫ్యామిలీ రెస్టారెంట్లలో ఈ పేరు లేని మెనూ కార్డు దొరకడం కష్టం. "ఇందులో ఏం చేప వేస్తారు తమ్మీ?" అని అడిగి చూడండి. "అపోలో చేపే సార్" అంటాడు. ఇంకాస్త గట్టిగా అడిగితే "బోన్‌లెస్ సార్" అంటాడు. రెండో జవాబులో కొంత నిజాయితీ ఉంది. ఆ ప్లేటులో అమ్ముడవుతున్నది ముల్లు లేకపోవడమే. చేప ఏదన్నది హోటల్ ఇష్టం.

ఈ వంటకు పేరు తెచ్చింది కొర్రమీను. ఇప్పుడూ కొన్నిచోట్ల అదే వేస్తారు, బిల్లు చూస్తే తెలిసిపోతుంది. చాలాచోట్ల ప్లేటులోకి వచ్చేది 'బాసా' అని పిలిచే గడ్డకట్టిన తెల్ల ముక్క. ఆ బాసా కూడా పూర్తిగా బాసా కాదు. అసలు బాసా మెకాంగ్ నదిలో దొరికే ఒక రకం. వియత్నాం నుంచి ప్యాకెట్లలో వచ్చేదీ, మన కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో పెంచేదీ దాని దగ్గరి చుట్టం, పంగస్. అంటే ఒక్క ప్లేటుకు మూడు పేర్లు: మెనూలో అపోలో, వంటింట్లో బాసా, చెరువు గట్టు మీద పంగస్. కొర్రమీను ధర పంగస్ ధరకు మూడు నాలుగింతలు ఉంటుంది కాబట్టి ఈ పేర్లు మారే దారిలో ఎవరికి ఎంత మిగులుతుందో లెక్క వేయడం కష్టం కాదు.

చేపల పేర్ల మోసం మీద ప్రపంచంలో జరిగిన పరిశీలనల్లో బాగా పేరు పడ్డవి సూషీ చుట్టూ జరిగాయి. పచ్చి చేప ముక్కను పులుపు పట్టిన అన్నం మీద పెట్టుకు తినడం మన మూడు పట్టణాల అలవాటు కాదు. కానీ ఇక్కడి పిల్లలు అమెరికాలో చదువుతున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు, అక్కడ సూషీ తింటున్నారు; వాళ్లను చూడబోయిన అమ్మానాన్నల ముందుకూ ఆ ప్లేటు వస్తోంది. అంతకన్నా పెద్ద కారణం ఇంకొకటి. సూషీ ముక్కకూ అపోలో ముక్కకూ ఒక పోలిక ఉంది. రెండింటికీ తల లేదు, తోలు లేదు, పొలుసు లేదు. చేపను గుర్తుపట్టడానికి తినేవాడి దగ్గరున్న సాక్ష్యమంతా వంటింట్లోనే ఉండిపోతుంది.

2008లో న్యూయార్క్‌లో ఇద్దరు హైస్కూలు అమ్మాయిలు చుట్టుపక్కల హోటళ్ల నుంచి, దుకాణాల నుంచి చేప ముక్కలు పోగుచేసి డీఎన్‌ఏ పరీక్షకు పంపారు. పేరు తేల్చగలిగిన ముక్కల్లో నాలుగో వంతుకు తప్పు పేరుంది. ఆ తర్వాత ఓషియానా అనే సంస్థ 2010 నుంచి 2012 దాకా అమెరికా అంతటా 1,215 ముక్కలు సేకరించి 2013లో ఫలితాలు ప్రకటించింది. మొత్తంగా మూడో వంతు తప్పు పేరు. సూషీ హోటళ్లను విడిగా చూస్తే 74 శాతం చోట్ల ఏదో ఒక తప్పు పేరు దొరికింది. రెడ్ స్నాపర్ అని అమ్మిన 120 ముక్కల్లో నిజంగా ఆ చేప ఏడే. లాస్ ఏంజెలెస్‌లో 2012 నుంచి 2015 దాకా 26 సూషీ హోటళ్లను పరిశీలించి 2017లో అచ్చువేసిన మరో అధ్యయనంలో దాదాపు సగం, 47 శాతం, తప్పు పేర్లు. అక్కడ గమనించాల్సిన సంగతి ఇంకొకటుంది: ట్యూనా అన్నది చాలావరకు ట్యూనాయే, సాల్మన్‌లో తేడా పదింట ఒకటి, హాలిబట్ అన్నది మాత్రం ఒక్కటీ హాలిబట్ కాదు. ముక్క రంగు, పొర చూసి జనం పట్టుకోగల చేప దగ్గర హోటల్ జాగ్రత్తగా ఉంటుంది. తెల్లగా ఉన్న ప్రతి ముక్కా ఒకేలా కనిపించే చోట చెయ్యి జారుతుంది. మన దగ్గర మోసమంతా తెల్ల ముక్క మీదే జరగడానికీ కారణం అదే.

జపాన్ ఇందుకు అతీతమేమీ కాదు. 2013లో అక్కడి పేరున్న హోటళ్ల మెనూల్లో రాసిన వాటికీ వడ్డించిన వాటికీ పొంతన లేదని బయటపడింది. 'షిబా' అనే నాటు రకం రొయ్య అని రాసిన చోట వనామీ వాడారు. మన భీమవరం చెరువుల్లో పెంచే వనామీ రకమే. ఒక పెద్ద హోటళ్ల సంస్థ అధ్యక్షుడు పదవి వదులుకున్నాడు, 2014లో చట్టాన్ని బిగించారు. వనామీ తిన్నందుకు ఎవరికీ జబ్బు చేయలేదు. అయినా పదవి పోయింది. మన దగ్గర ఇలాంటి తప్పుకు ఎవరి పదవైనా పోతుందా అన్నది వేరే ముచ్చట.

ఇక్కడే ఈ ప్రశ్నను రెండుగా విడదీయాలి. పేరు మారినప్పుడు పోయేది డబ్బా, ఆరోగ్యమా? చాలాసార్లు డబ్బే. పంగస్‌ను కొర్రమీనని అమ్మితే మనిషి చావడు. వాట్సాప్‌లో తిరిగే 'పంగస్ విషం', 'తిలాపియా తింటే క్యాన్సర్' లాంటి మాటలకు ఆధారం లేదు. శుభ్రమైన నీళ్లలో సరైన మేతతో పెరిగితే రెండూ తినదగిన చేపలే. తిలాపియాను కోదాడ పేదవాడి చేపగా చూస్తుంది గానీ, అదే చేప అమెరికా సూషీ హోటళ్లలో 'ఇజుమిదాయ్' అనే జపనీస్ పేరుతో దర్జాగా కూర్చుంటుంది.

కానీ కొన్నిసార్లు పోయేది ఆరోగ్యమే. ఓషియానా పరిశీలనలో 'వైట్ ట్యూనా' అని అమ్మిన ముక్కల్లో 84 శాతం ఎస్కోలార్ అనే లోతు సముద్రపు చేప. దాని కొవ్వు మైనం లాంటిది, మన పేగులు దాన్ని అరిగించుకోలేవు. కొంచెం ఎక్కువ తింటే మనిషికి తెలియకుండానే నూనె విరేచనాలవుతాయి. జపాన్ దాని అమ్మకాన్ని 1977లోనే నిషేధించింది. 2007లో హాంకాంగ్‌లో దాని జాతి చేపనే కాడ్ అని అమ్మితే వందలమంది కడుపు పట్టుకుని ఫిర్యాదు చేశారు. అదే ఏడాది షికాగోలో మాంక్‌ఫిష్ అని దిగుమతైన పెట్టెల్లో విషపు పఫర్ చేప ఉన్నట్టు తేలి అమెరికా ప్రభుత్వం హెచ్చరిక ఇవ్వాల్సి వచ్చింది. ఎస్కోలార్‌ను ఎంత ఉడికించినా మైనం పోదు. పఫర్ విషమూ మంటకు లొంగదు.

"మనం బాగా ఉడకబెడతాం, మనకేం కాదు" అనే మాటను అందుకే కొంచెం తూకం వేసి ఒప్పుకోవాలి. పురుగుల విషయంలో అది నిజం. సముద్రపు చేపల్లో ఉండే అనిసాకిస్ అనే పురుగు భయంతో నెదర్లాండ్స్ 1968 నుంచి పచ్చిగా తినే హెరింగ్‌ను ముందు గడ్డకట్టించాలని నిబంధన పెట్టింది. పచ్చిగా వడ్డించే చేపను మైనస్ 20 డిగ్రీల్లో ఏడు రోజులో, మైనస్ 35లో పదిహేను గంటలో ఉంచాలని అమెరికా నియమం. మన కూరకుండలో పది నిమిషాల మరుగు ఈ పనంతా చేసేస్తుంది. మంచినీటి చేప మరీ ప్రమాదం. ఈశాన్య థాయిలాండ్‌లో పచ్చి చేప తినే ఊళ్లలో కాలేయపు పురుగు పట్టి పిత్తనాళ క్యాన్సర్‌కు దారితీస్తోంది. కొర్రమీను జాతి చేపలను పచ్చిగా తినే చోట్ల చర్మం కింద పాకే గ్నాథోస్టోమా అనే పురుగు సోకుతోంది. యూట్యూబ్ చూసి కొర్రమీను సూషీ చేద్దామని ఎవరికైనా బుద్ధి పుడితే ఆ బుద్ధిని అక్కడే ఆపేయడం మంచిది. ఇంటి ఫ్రిజ్‌లోని ఫ్రీజర్‌ను నమ్మి ఈ పని చేయడానికి లేదు.

పురుగును మంట చంపుతుంది. హిస్టమిన్ అనే రసాయనాన్ని చంపలేదు. ట్యూనా, కానాగంతలు, కవళ్ల వంటి సముద్రపు చేపలు ఐసు సరిగ్గా లేక కొన్ని గంటలు వేడిలో ఉంటే వాటి మాంసంలోనే హిస్టమిన్ పుడుతుంది. తిన్న గంటలోపే ముఖం ఎర్రబడుతుంది, ఒళ్లు దురదలు, తలనొప్పి. మన దగ్గర దాన్ని 'చేప పడలేదు' అంటాం, 'వేడి చేసింది' అంటాం. నేరం ఎప్పుడూ తిన్నవాడి ఒంటి మీదికే పోతుంది, లారీలో కరిగిన ఐసు మీదికి పోదు. సముద్రం సూర్యాపేటకు దగ్గరేమీ కాదు. తీరం నుంచి వచ్చే పెట్టెలో ఏ చేప ఉందో సరిగ్గా తెలిస్తే దాని మీద ఎంత జాగ్రత్త పెట్టాలో తెలుస్తుంది. గర్భిణులు పెద్ద వేట చేపలు తగ్గించాలని డాక్టర్లు చెబుతారు, పాదరసం భయంతో. ప్లేటులో ఉన్నది ఏ చేపో తెలియని మనిషి ఆ సలహాను ఏం చేసుకుంటుంది?

ఎలర్జీ సంగతీ ఇంతే. కాలిఫోర్నియా రోల్ అనే సూషీలో ఉండే 'పీత' చాలాచోట్ల పీత కాదు, చేప మాంసాన్ని రుబ్బి గుడ్డు తెల్లసొన, పిండి కలిపి రంగు పూసిన కడ్డీ. (పక్కన పెట్టే పచ్చ ముద్ద వసాబీ కూడా ఎక్కువసార్లు రంగేసిన మరో దుంపే.) గుడ్డు పడని పిల్లవాడికి ఆ కడ్డీ పెట్టే ముందు తల్లికి ఈ సంగతి తెలియాలి.

ఇక మన మార్కెట్టు. ఇక్కడ నాకొక ధైర్యం ఉంది. మన మూడు పట్టణాల మార్కెట్లలో చేప ఇంకా తలతోనే అమ్ముతారు. "ఏం చేపక్కా?" అంటే "రవ్వ బిడ్డా, చూడు మొప్పలు" అని ఎత్తి చూపిస్తుంది. రవ్వ, బొచ్చె, మ్రిగాల, బంగారుతీగ, గడ్డిచేప, జెల్ల, వాలుగ: తలచూసి పేరు చెప్పగలిగిన వాళ్లు కొనేవాళ్లలో ఇంకా ఉన్నారు. కొల్లేరు వైపు శీలావతి అనే చేపనే మనం రవ్వ అంటాం. అందులో మోసం లేదు, నేల మారింది, అంతే. కొర్రమీనునైతే టబ్బులో నీళ్లు పోసి బతికుండగానే అమ్ముతారు, బయటి గాలి పీల్చి నిలవగల చేప కాబట్టి. తెలంగాణ రాష్ట్ర చేపకు దక్కిన గౌరవం అనుకోవచ్చు గానీ, అసలు సంగతి అపనమ్మకం. ఎగిరి పడుతున్న చేపకు వేరే సర్టిఫికెట్టు అక్కర్లేదు.

అయితే ఈ బతికున్న చేప పద్ధతిలోనూ ఒక కంత ఉంది. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ కూడా టబ్బులో హాయిగా బతుకుతుంది. నాటు చేపలను మింగేస్తుందని 2000లో కేంద్రం దాని పెంపకాన్ని నిషేధించింది, 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ మళ్లీ గట్టిగా చెప్పింది. అయినా ఊరి బయట గుంతల్లో కోళ్ల వ్యర్థాలు మేపి పెంచుతున్నారని పేపర్లలో వార్త వస్తూనే ఉంటుంది. పోలీసులు గుంత పూడుస్తారు, ఇంకోచోట ఇంకో గుంత తవ్వుతారు. దీన్ని మన నాటు చేప 'మార్పు' పేరుతో అమ్ముతారు. తలతో ఉంటే కొర్రమీనుతో పొరబడే వీలే లేదు: కొర్రమీనుకు పొలుసు, పాము తల ఉంటాయి, మీసాలు ఉండవు; దీనికి పొలుసు లేదు, చప్పిడి తల, నాలుగు జతల మీసాలు. తోలు ఒలిచి ముక్కలు కోశాక మాత్రం అమ్మేవాడి మాటే ఆధారం. చందువా విషయమూ అంతే. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఎర్ర పొట్ట పాకూను రూప్‌చంద్ అని, ఒక్కోసారి ఏకంగా చందువా అని అమ్ముతారు. నోరు తెరిచి చూస్తే మనిషి పళ్లలాంటి పళ్లు. తందూరీ మసాలా పూసి పొయ్యి మీద కాల్చాక ఎవరు నోరు తెరిచి చూస్తారు?

మృగశిర కార్తె రోజు, జూన్ 7 లేదా 8న, ఈ తేడాలన్నీ గంగలో కలుస్తాయి. ఆ రోజు తెలంగాణలో చేప తినాలి. పొద్దున ఆరింటికే మార్కెట్టు నిండిపోతుంది, ఉన్న చెరువు చేప ఏ మూలకూ చాలదు, ఆంధ్ర నుంచి ఐసు లారీలు దిగుతాయి. "సాగర్ చేప" అని బోర్డు పెడితే రేటు పెరుగుతుంది. అది నాగార్జునసాగర్ నీళ్లు చూసిందో, కైకలూరు చెరువు నుంచి కోదాడ మీదుగా వచ్చిందో, తూకం వేసేవాడికి తెలుసు.

ఇది పేరు సమస్యలో జనం పట్టించుకోని సగం. చేప జాతి సరిగ్గానే చెప్పినా అది ఎక్కడిదో చెప్పకపోతే మనకు తెలిసింది సగమే. మూసీ హైదరాబాదు మురుగంతా మోసుకుంటూ వస్తుంది. సూర్యాపేట పక్కన సోలిపేట దగ్గర ప్రాజెక్టులో ఆగి, మిర్యాలగూడ దిగువన వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఆ నీళ్లలో పెరిగిన రవ్వా రవ్వే, సాగర్ ఎడమకాల్వ నీళ్లు నిండిన ఊరి చెరువులో పెరిగిన రవ్వా రవ్వే. డీఎన్‌ఏకు ఆ తేడా తెలియదు. గోదావరి పులసకూ ఇదే చిక్కు. సముద్రంలో ఉన్నప్పుడు ఇలస, వరద నీటికి ఎదురీది గోదావరిలోకి వచ్చాక పులస, జాతి ఒక్కటే. ఒడిశా నుంచి ఐసులో వచ్చిన ఇలసను యానాంలో పులస అని వేల రూపాయలకు అమ్మితే, ప్రపంచంలో ఏ ప్రయోగశాలా జాతి పరీక్షతో ఆ మోసాన్ని పట్టుకోలేదు. పాశ్చాత్య పరిశీలనలు డీఎన్‌ఏ దగ్గరే ఆగిపోవడం నాకు అందుకే అసంపూర్తిగా కనిపిస్తుంది. కొట్లో అమ్మే చేపకు జాతి పేరుతో పాటు పట్టిన చోటు, పెంచిందా పట్టిందా అన్నదీ రాయాలని 2013 నాటి యూరప్ నిబంధన చెబుతుంది. అది మెరుగు. కానీ హోటల్ ప్లేటుకు అది అక్కడా వర్తించదు.

ఫార్మాలిన్ గొడవ ఈ చోటు ప్రశ్నతోనే మొదలైంది. 2018 జులైలో అస్సాం ప్రభుత్వం ఆంధ్ర నుంచి వచ్చే చేపను పది రోజులు ఆపేసింది, శవాలు చెడకుండా వాడే రసాయనం కలిసిందని. కేరళ అదే ఏడాది 'ఆపరేషన్ సాగర్ రాణి' పేరుతో చెక్‌పోస్టుల్లో లారీలకు లారీలు పట్టుకుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ నిమిషాల్లో తేల్చే కాగితపు పట్టీల కిట్టు తయారుచేసింది. ఈగ వాలకపోతే ఫార్మాలిన్ ఉన్నట్టే అనే మన పరీక్ష నమ్మదగింది కాదు. వనమట్టల వంటి కొన్ని చేపల్లో చచ్చాక కొంత ఫార్మాల్డిహైడ్ సహజంగానే పుడుతుంది కాబట్టి, పట్టీ రంగు మారిందని వెంటనే దొంగ అనీ అనలేం. అక్కడా ఏ చేపో తెలియడమే మొదటి మెట్టు.

చట్టం మన దగ్గర లేక కాదు. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం ఒక పదార్థాన్ని మరో పదార్థానికి చెందిన పేరుతో అమ్మడాన్ని నేరుగా తప్పుగా లెక్కగట్టింది. 52వ సెక్షన్ కింద మూడు లక్షల దాకా జరిమానా. అదనపు కలెక్టర్ స్థాయి అధికారి విచారించి తేల్చవచ్చు, కోర్టుల చుట్టూ తిరగక్కర్లేదు. 40వ సెక్షన్ ప్రకారం కొన్నవాడు తానే ఫీజు కట్టి ఫుడ్ అనలిస్టుతో పరీక్ష చేయించుకోవచ్చు. రాష్ట్ర ఆహార ప్రయోగశాల నాచారంలో ఉంది. ముక్క చూసి జంతువు పేరు చెప్పే శాస్త్రానికీ హైదరాబాదు కొత్త కాదు: వేటగాళ్ల దగ్గర దొరికిన మాంసం జింకదా మేకదా అని సీసీఎంబీ వన్యప్రాణి విభాగం ఏళ్లుగా తేలుస్తోంది, చెంగిచర్లలోని మాంస పరిశోధన సంస్థ కూడా మాంసం జాతి గుర్తిస్తుంది. జింకకున్న ఈ భాగ్యం కొర్రమీనుకు పట్టలేదు. ఫుడ్ సేఫ్టీ అధికారులు హోటల్‌కు వస్తే చూసేది ఫ్రిజ్‌లో పాత మాంసం, కాగిన నూనె, బొద్దింకలు. అవి చూడాల్సినవే. కానీ వంటింట్లో ఫ్రీజర్ తెరిచినప్పుడు ప్యాకెట్టు మీద పంగస్ అని, బయట కార్డు మీద కొర్రమీను అని ఉంటే, ఏ ప్రయోగశాలా అక్కర్లేని కేసు అక్కడే చేతిలో ఉంది. కొనుగోలు బిల్లు అడిగితే చాలు.

హోటల్ వాళ్లదీ ఒక వాదన ఉంది, తీసిపారేయలేం. ముల్లు లేని ముక్క కావాలి, రేటు పెరగకూడదు, పది నిమిషాల్లో టేబుల్ మీదికి రావాలి అని అడిగేది మనమే. ఈ మూడూ తీర్చే చేప పంగస్ ఒక్కటే. "పంగస్ అపోలో అని రాస్తే ఎవడు తింటాడు సార్?" అంటారు. తినకపోవచ్చు, కొన్నాళ్లు. అమెరికాలో 2002లో వియత్నాం పంగస్‌కు క్యాట్‌ఫిష్ అనే పేరు వాడకూడదని చట్టం చేస్తే, ఆ చేప బాసా అనీ స్వాయి అనీ తన పేర్లతోనే అమ్ముకుంది, అమ్మకాలు ఆగలేదు. పేరు చెప్పి, ఆ పేరుకు తగ్గ రేటు పక్కన వేసి, కొర్రమీను అపోలోను ఇంకో వరుసలో దాని రేటుతో రాస్తే సూర్యాపేట హోటల్‌కు నష్టమేమిటో నాకు అర్థం కాదు. రెండు వరుసల మెనూ అచ్చువేయించడానికి అయ్యే ఖర్చు ఒక ప్లేటు కొర్రమీను కన్నా ఎక్కువ ఉండదు.